ఇంటిపని చేస్తున్నాం కదా, మళ్ళీ వాకింగ్ ఎందుకు?

మురళీనగర్_లక్ష్మి
ఈ మాట మా ఇంట్లో నెల రోజులుగా వినబడుతోంది. నాకు 44. మూడో అంతస్తులో ఉంటాం, లిఫ్ట్ లేదు. పొద్దున నాలుగున్నరకి లేస్తే పిల్లల బాక్సులు, ఆయనకి క్యారేజీ, అత్తయ్యకి మందులు, టిఫిను, బట్టలు, గిన్నెలు. మధ్యాహ్నం బ్లౌజులు కుడతాను. రాత్రి పదింటికి స్టవ్ కట్టేసే దాకా నేను కూర్చునేది కుట్టుమిషన్ ముందే.

రెండు నెలల కిందట పరీక్ష చేయిస్తే హెచ్‌బిఎ1సి, అంటే మూడు నెలల సగటు షుగర్ లెక్క, 6.1 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చింది, రోజూ అరగంట నడవమ్మా అన్నారు డాక్టరు. సరే అని సాయంత్రం ఐదున్నరకి మా కాలనీ పార్కుకి వెళ్తున్నాను. ఇంట్లో ఏమంటారంటే, "రోజుకి ఐదారుసార్లు మెట్లు ఎక్కి దిగుతావు, ఇల్లంతా తుడుస్తావు, ఇంతకన్నా ఎక్సర్‌సైజ్ ఇంకేం కావాలి?" అని. తిట్టడం లేదు, నిజంగానే అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి. బరువు అరకిలో కూడా తగ్గలేదు. కానీ పడుకోగానే నిద్ర పడుతోంది. మా చిన్నదాని మీద అరవడం తగ్గింది, ఆ మాట అదే చెప్పింది. ఇది నడక వల్లేనా, లేక నాకలా అనిపిస్తోందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గాజువాక_కిరణ్
మా అమ్మదీ ఇదే కథ. ఫోన్ జేబులో పెట్టి చూస్తే ఇంట్లో ఉండగానే 9,000 అడుగులు. పదివేలు కావాలంటారు కదా, ఇంకో వెయ్యి నడిస్తే సరిపోతుంది అక్కా.

ఫిజియో_అనూష
కిరణ్, ఆ పదివేలు డాక్టర్లు పెట్టిన లెక్క కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ అయ్యాక జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి తగిలించుకునే మీటరు అమ్మింది. దాని పేరే "పదివేల అడుగుల మీటరు". ఆ పేరులోని అంకె అలా ప్రపంచమంతా పాకిపోయింది.

లక్ష్మి గారూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ఇది: పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ. బాగా ఆయాసం వచ్చే రకమైతే 75 నుంచి 150 నిమిషాలు చాలు. దీంతోపాటు వారానికి రెండు రోజులైనా కండరాలకి బలం ఇచ్చే వ్యాయామం. మధ్యరకం అంటే ఏంటో తెలియాలంటే, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

ఇంటిపనిని వాళ్ళేమీ తీసిపారేయలేదు. అంతకుముందు ఒక్కసారి మొదలుపెడితే కనీసం పది నిమిషాలు ఆగకుండా చేయాలి అనేవారు, ఆ షరతు కూడా 2020లో ఎత్తేశారు. మీరు మూడంతస్తులు ఎక్కిన ఆ నిమిషం లెక్కలోకి వస్తుంది. అయితే కూర తరగడం, గిన్నెలు తోమడం, నిలబడి చపాతీలు చేయడం గుండెని ఆ స్థాయికి తీసుకెళ్ళవు. అలసట మాత్రం వస్తుంది. అలసట వచ్చింది కాబట్టి వ్యాయామం అయిపోయిందనుకుంటాం. నా దగ్గరికి నడుం నొప్పితో వచ్చే ఆడవాళ్ళలో చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు.

జాలారిపేట_బిడ్డ
అనూష గారు చెప్పింది పుస్తకం ప్రకారం సరే. నేను మా అమ్మ సంగతి చెప్తాను.

ముప్పై ఏళ్ళు తెల్లారకముందే విశాఖ ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి, వేలంలో చేపలు కొని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మింది. చినవాల్తేరు, పెదవాల్తేరు, మద్దిలపాలెం దాకా కాలినడకే. అడుగుల లెక్కే నిజమైతే ఈ ఊళ్ళో మా అమ్మంత ఆరోగ్యంగా ఎవరూ ఉండకూడదు. ఇప్పుడు ఆవిడకి 58. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, మెడ తిప్పలేదు, బీపీ మాత్ర వేసుకుంటోంది. నడవని రోజంటూ లేదు. కానీ నడవాలనిపించి నడిచిన రోజు ఒక్కటీ లేదు. జ్వరంలో నడిచింది, ఎండలో చెప్పు తెగితే ఒంటి చెప్పుతో నడిచింది.

మా ఇంటికి దగ్గర్లోనే పొద్దున్నే షూస్ వేసుకుని నడిచేవాళ్ళని చూస్తూ పెరిగాను. వాళ్ళదీ నడకే, అమ్మదీ నడకే. ఏటి తేడా అని చిన్నప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను.

పెదవాల్తేరు_పద్మ
చదివి ఓ నిమిషం ఏం రాయాలో తోచలేదు తమ్ముడూ. మా వీధిలోకి వచ్చే చేపలమ్మ మీ అమ్మేనేమో. తట్ట దించడానికి చెయ్యి వేస్తే తెలిసేది ఆ బరువెంతో.

ఏయూ_స్కాలర్
జాలారిపేట_బిడ్డ గారు అడిగిన ప్రశ్న మీద చాలా పరిశోధన జరిగింది. దానికి "శారీరక శ్రమలోని వైరుధ్యం" అని పేరు కూడా పెట్టారు. డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్‌మాన్ అనే పరిశోధకుడి బృందం 2021లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. కోపెన్‌హాగెన్ ప్రాంతంలో 1,04,046 మందిని సుమారు పదేళ్ళు గమనించారు. తీరిక వేళల్లో ఎక్కువ వ్యాయామం చేసినవాళ్ళలో గుండెజబ్బులు, మరణాలు తక్కువ. ఉద్యోగంలో భాగంగా ఎక్కువ శ్రమపడ్డవాళ్ళలో ఆ రెండూ ఎక్కువ. పొగతాగడం, చదువు, ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా పూర్తిగా పోలేదు.

ఎందుకిలా అంటే వాళ్ళు చెప్పే కారణాలు మీ అమ్మగారి జీవితానికి సరిగ్గా సరిపోతాయి. సరదాగా నడిచేవాళ్ళు అరగంటో గంటో నడిచి ఆపేస్తారు, తర్వాత విశ్రాంతి దొరుకుతుంది. పనిలో ఏడెనిమిది గంటలు గుండె వేగం, బీపీ పైపైనే ఉంటాయి. బరువు మోస్తూ ఒకే భంగిమలో మెడ, నడుము బిగపట్టాలి. అలిసినా ఆపే వీల్లేదు. కోలుకోకముందే మర్నాడు మళ్ళీ అదే పని.

జాలారిపేట_బిడ్డ
"అలిసినా ఆపే వీల్లేదు." ఇదండీ. థాంక్స్.

సందేహం_నాదే
నేను కొంచెం అడ్డం వస్తాను, తప్పుగా అనుకోవద్దు. తీరిక ఉన్నవాడికి డబ్బు కూడా ఉంటుంది. డబ్బున్నవాడికి మంచి తిండి, మంచి డాక్టరు, ఏసీ గది. వాడి జీవితం బాగుండక ఎవరిది బాగుంటుంది? ఆ పొద్దుటి నడకకి పేరొస్తోంది, అంతే. ఇంకోటి, ఒంట్లో బాగున్నవాడే కదా నడవగలిగేది. నడక వల్ల బాగున్నాడో, బాగున్నాడు కాబట్టి నడుస్తున్నాడో ఎలా చెప్తారు?

ఏయూ_స్కాలర్
మంచి ప్రశ్న. ఒకేసారి సర్వే చేసి "వ్యాయామం చేసేవాళ్ళ జీవన నాణ్యత ఎక్కువ" అని చెప్పే పరిశోధనలకి ఆ లోపం ఉంది. అందుకే కొన్ని చోట్ల మనుషులని చీటీలు తీసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుతో కొన్ని నెలలు వ్యాయామం చేయించి చూస్తారు. అలాంటి ప్రయోగాల్లో నిద్ర, దిగులు, ఆందోళన విషయంలో మెరుగుదల కనిపించింది. అందరికీ ఒకే మోతాదులో కాదు.

ఇంతకీ జీవన నాణ్యతని ఎలా కొలుస్తారో కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఒక ప్రశ్నావళి ఉంది, 26 ప్రశ్నలు. గత రెండు వారాల్లో మీకెలా ఉంది అని అడుగుతుంది. శరీరం, మనసు, మనుషులతో సంబంధాలు, చుట్టూ ఉన్న పరిసరాలు, ఇవీ నాలుగు భాగాలు. నొప్పి వల్ల పనులు ఆగుతున్నాయా, నిద్రతో తృప్తిగా ఉన్నారా, స్నేహితుల తోడు దొరుకుతోందా, ఇలా సాగుతుంది. పద్నాలుగో ప్రశ్న ఏంటో తెలుసా? తీరిక వేళ నచ్చిన పని చేసుకునే అవకాశం మీకు ఎంతవరకు ఉంది అని. అంటే తీరిక దొరకడమే జీవన నాణ్యతలో ఒక భాగం అని వాళ్ళే రాసిపెట్టారు.

సందేహం గారు తీరిక డబ్బున్నవాళ్ళకే అన్నారు కదా. ఆ మాటలో నిజం ఉంది, దాన్ని కాదనను.

మురళీనగర్_లక్ష్మి
ఆ పద్నాలుగో ప్రశ్న ఎవరైనా నన్ను అడిగి ఉంటే రెండు నెలల కిందట "అసలు లేదు" అని టిక్కు పెట్టేదాన్ని. ఇప్పుడు "కొంచెం" అని పెడతాను. నాలుగు రౌండ్లు తిరిగాక ఒక బెంచీ ఉంటుంది, వేపచెట్టు కింద. ఐదు నిమిషాలు కూర్చుని వస్తాను. ఆ ఐదు నిమిషాలూ నన్ను ఎవరూ ఏమీ అడగరు.

గాజువాక_కిరణ్
అక్కా, ఇది చదివి మా అమ్మని నిన్న సాయంత్రం బయటికి తీసుకెళ్ళాను. పదివేల లెక్క వెనక్కి తీసుకుంటున్నాను.

సి_షిఫ్ట్_శ్రీను
రోజూ అరగంట అనేవాళ్ళందరికీ ఒక ప్రశ్న. నాది ప్లాంటులో తిరిగే షిఫ్టు. కొన్ని రోజులు పొద్దున ఆరింటికి, కొన్ని రోజులు మధ్యాహ్నం రెండింటికి (బి), తర్వాత రాత్రి పదింటికి (సి). సి షిఫ్టు దిగి కూర్మన్నపాలెం వచ్చేసరికి కళ్ళు మండుతుంటాయి. ఆ టైములో నడవమంటే ఎలా? నిద్రపోయి లేస్తే సాయంత్రం నాలుగు. నాకు 39, పొట్ట వచ్చింది, గురక పెడుతున్నానని ఇంటావిడ గోల. జిమ్‌కి రెండుసార్లు డబ్బు కట్టి మానేశాను.

ఫిజియో_అనూష
శ్రీను గారూ, లెక్క వారానికి. రోజుకని ఎక్కడా లేదు. బ్రిటన్‌లో 89,573 మంది చేతికి కదలికలు కొలిచే పట్టీ కట్టి చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. వారం మొత్తం వ్యాయామాన్ని ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువగా చేసినవాళ్ళకి కూడా గుండెపోటు, పక్షవాతం ముప్పు ఇంచుమించు రోజూ చేసేవాళ్ళతో సమానంగానే తగ్గి కనిపించింది. మీ ఆఫ్ రోజున గంట, బి షిఫ్టు ఉన్న రోజుల్లో పొద్దున అరగంట, అలా కూడేసుకోండి. సి షిఫ్టు దిగిన పొద్దున నిద్రే ముఖ్యం, దాన్ని కోసి నడవకండి.

షుగర్ ఉన్నవాళ్ళకి మాత్రం వేరే మాట. వరసగా రెండు రోజులకి మించి గ్యాప్ ఇవ్వకూడదు అంటారు. కండరాలు చక్కెర వాడుకునే గుణం ఒకటి రెండు రోజులే నిలుస్తుంది.

గురక, పగలు నిద్రమత్తు రెండూ ఉంటే ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. అది నడకతో తేలే విషయం కాకపోవచ్చు.

షటిల్_రాజు
శ్రీను, జిమ్‌కి డబ్బు కట్టి మానేశావంటే నీ తప్పు కాదు భయ్యా, నీకు ఆట కావాలి. నేనూ అంతే. ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలకే గడియారం చూసేవాణ్ణి. షటిల్ కోర్టులో గంటన్నర గడిచినా తెలియదు. నలుగురం కలిసి స్లాట్ తీసుకున్నాం. ఒకడు రాకపోతే డబుల్స్ ఆగిపోతుంది, వాణ్ణి ముగ్గురం ఫోన్ చేసి లేపుతాం. ఐదేళ్ళలో మానేసింది ఎవరూ లేరు.

దీనికీ అధ్యయనం ఉంది, స్కాలర్ గారు ఒక్కరే చెప్పాలా! కోపెన్‌హాగెన్‌లోనే 8,577 మందిని పాతికేళ్ళ దాకా చూశారు, 2018లో అచ్చయింది. కదలకుండా కూర్చున్నవాళ్ళతో పోలిస్తే టెన్నిస్ ఆడేవాళ్ళు 9.7 ఏళ్ళు, బ్యాడ్మింటన్ ఆడేవాళ్ళు 6.2 ఏళ్ళు ఎక్కువ బతికారు. ఫుట్‌బాల్ 4.7, సైకిలు 3.7, ఈత 3.4, జాగింగ్ 3.2. జిమ్ 1.5 మాత్రమే. కలిసి ఆడే ఆటలే పైన ఉన్నాయి చూడండి.

సందేహం_నాదే
టెన్నిస్ ఆడేది ఎవరు రాజు గారూ? నా పాత ప్రశ్నే మళ్ళీ.

షటిల్_రాజు
నిజమే, ఆ పరిశోధకులు కూడా ఆట వల్లే ఆయుష్షు పెరిగిందని తేల్చలేదు. కానీ పొద్దున్నే నలుగురు మన కోసం ఎదురుచూడటం నాకు పనికొచ్చింది. అది నేను కళ్ళారా చూసింది.

ఫిజియో_అనూష
రాజు గారి ఉత్సాహం నాకిష్టం. కానీ నలభై దాటాక ఒక్కసారిగా షటిల్ మొదలుపెట్టి, మడమ వెనక నరం తెగి వచ్చినవాళ్ళని చూశాను. అది నరం కూడా కాదు, కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువు. అందరూ నరమే అంటారు. ముందు ఒక నెల వేగంగా నడవండి, పిక్కలకి బలం వచ్చేలా మడమలెత్తి దించండి, అప్పుడు కోర్టులో దిగండి. నడుస్తుంటే ఛాతీ బరువెక్కినా, ఎడమ చెయ్యి లాగినా, మామూలు కన్నా ఎక్కువ ఆయాసం వచ్చినా అక్కడే ఆగి ఆసుపత్రికి వెళ్ళాలి. గ్యాస్ అని సోడా తాగి కూర్చోవద్దు.

బీచ్‌రోడ్_తాతయ్య
నాకు 71. పద్నాలుగేళ్ళుగా బీచ్‌రోడ్డులో నడుస్తున్నాను. పొద్దున్నే ఆ రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు కాబట్టి మా బోటివాళ్ళకి భయం లేదు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం దాటి కొంత దూరం వెళ్ళి తిరిగి వస్తాం. ఎనిమిది మందిమి. ఒకాయన పోర్టులో చేశారు, ఇద్దరు టీచర్లు, ఒకాయనకి కిరాణా షాపు, ఒకావిడ నర్సుగా రిటైరయ్యారు.

మా ఆవిడ పోయినప్పుడు పన్నెండు రోజులు నడకకి రాలేదు. పదమూడో రోజు తెల్లవారుజామున ఐదింటికి ఆ ఏడుగురూ మా గేటు దగ్గర నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను చెప్పులు వేసుకున్నాను. ఆ రోజు సబ్‌మెరైన్ దాకా వెళ్ళలేకపోయాను, మధ్యలోనే గోడ మీద కూర్చుండిపోయాను. వాళ్ళూ కూర్చున్నారు.

స్కాలర్ గారు చెప్పిన ఆ నాలుగు భాగాల్లో మనుషులతో సంబంధాలు అని ఒకటి ఉంది చూశారా. నా బీపీ మారలేదు బాబూ, మాత్ర అదే. నేను బతికి ఉన్నది ఆ మూడో భాగం వల్ల.

మురళీనగర్_లక్ష్మి
తాతయ్య గారూ, చదివి కళ్ళు చెమర్చాయి.

ఫిజియో_అనూష
తాతయ్య గారి వయసు వాళ్ళకి ఒక మాట. 65 దాటినవాళ్ళు వారానికి మూడు రోజులు తూలిపోకుండా నిలబడే వ్యాయామాలు కూడా చేయాలి. గోడ పక్కన ఒంటికాలి మీద పది అంకెలు లెక్కపెట్టడం, మడమకి బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు నడవడం. పడిపోవడం తగ్గుతుంది. తుంటి ఎముక విరిగితే అంతవరకు చేసిన నడకంతా ఆగిపోతుంది.

మధురవాడ_టెకీ
బీచ్ పక్కన ఇల్లున్నవాళ్ళకి అంతా బాగానే ఉంటుంది. మా వైపు రండి. హైవే దాటితే గానీ ఖాళీ స్థలం లేదు, ఫుట్‌పాత్ మీద బళ్ళు, లోపలి వీధుల్లో కుక్కలు. కుర్చీలో పది గంటలు కూర్చుని ఇంటికొస్తే ఎక్కడ నడవాలి? అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్ల మధ్య తిరుగుతున్నాను. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో సగం మంది సరిపడా కదలడం లేదట, ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 42. అందరూ బద్ధకస్థులేనా? చోటు లేకపోతే ఏం చేస్తారు?

పెదవాల్తేరు_పద్మ
ఆ 57 శాతంలో చోటుతో పాటు ఇంకోటి కూడా ఉంది. చీకట్లో ఒంటరిగా వెళ్ళాలంటే భయం. ఆరుకి ముందు వెళ్తే వీధి దీపాలు ఉండవు, ఆరు తర్వాత వెళ్తే ఇంట్లో టిఫిన్ టైము. దారిలో చూపులు సరేసరి. పంజాబీ డ్రస్ కింద స్పోర్ట్స్ షూస్ వేసుకుంటే మొదటి వారం మా వీధిలో వింతగా చూశారు. నలుగురం కలిసి వెళ్ళడం మొదలుపెట్టాక ఎవరూ చూడటం లేదు. ఇప్పుడు మా వెనక ఇంకో ముగ్గురు చేరారు.

2025 జూన్ 21న బీచ్‌లో యోగా దినోత్సవం జరిగింది కదా, ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా దాదాపు మూడు లక్షల మంది. అక్కడ పక్క పక్క చాపల మీద కూర్చుని పరిచయమైనవాళ్ళం మేము. ఆ రోజుతో చాలామంది ఆపేశారు, మేం ఆపలేదు.

గాజువాక_కిరణ్
నడక అయ్యాక బండి దగ్గర పెసరట్టు ఉప్మా తినే బ్యాచ్ ఎవరైనా ఉన్నారా? మా అమ్మ రెండో రోజే అడిగేసింది.

షటిల్_రాజు
మేం ఉన్నాం. ఆట అయ్యాక ఇడ్లీ, సాంబారు బకెట్ అడుక్కి వచ్చేదాకా లేవం.

కొండెక్కే_సత్తిబాబు
మధురవాడ తమ్ముడూ, నీ దగ్గరే కంబాలకొండ ఉంది. ఆదివారం పొద్దున్నే వెళ్ళు, చెట్ల మధ్య దారి, ఫోన్ తీయాలనిపించదు.

నాకు నచ్చేది సింహాచలం గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమికి కొండ కింద తొలి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి 32 కిలోమీటర్లు. ఆరేళ్ళుగా చేస్తున్నాను. మొదటి ఏడాది ఏ సాధనా లేకుండా వెళ్ళి అరికాళ్ళు బొబ్బలు, రెండు రోజులు మంచం మీదే. ఇప్పుడు ఉగాది నుంచే మొదలుపెడతాను. వారానికి ఒకసారి దూరం పెంచుకుంటూ, చివరి నెలలో 20 కిలోమీటర్ల దాకా. ప్రదక్షిణ ఒక రాత్రే, కానీ దాని కోసం మూడు నాలుగు నెలలు నడుస్తాను కదా, అదీ నాకు దక్కేది.

మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు మెట్ల దారిలో ఎక్కడం కన్నా దిగేటప్పుడు జాగ్రత్త. బరువంతా అప్పుడే పడుతుంది.

సి_షిఫ్ట్_శ్రీను
బీచ్ ఇసకలో నడిస్తే మంచిదంటారు, నిజమా?

ఫిజియో_అనూష
పొడి ఇసకలో గట్టి నేల మీద కన్నా రెట్టింపుకు పైగా శక్తి ఖర్చవుతుంది. కొత్తవాళ్ళు తడి ఇసక మీద పది నిమిషాలతో మొదలుపెట్టండి. షుగర్ ఉన్నవాళ్ళు వట్టి కాళ్ళతో వద్దు, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. నడక అయ్యాక ఆర్కే బీచ్‌లో ఈతకి మాత్రం దిగవద్దు, అక్కడ లోపలికి లాగే ప్రవాహాలుంటాయి.

సీతమ్మధార_పెద్దమ్మ
మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెప్తున్నాను. నాకు 69. లక్ష్మి వాళ్ళ అత్తగారి తరఫున మాట్లాడదామని వచ్చాను.

మా కోడలు వాకింగ్‌కి వెళ్తానన్నప్పుడు నేనూ అదే అన్నాను, ఇంటిపని చాలదా అని. చెడ్డ మనసుతో అనలేదమ్మా. మా కాలంలో బావిలో నీళ్ళు తోడాం, రోట్లో పప్పు రుబ్బాం, అదే వ్యాయామం అనుకున్నాం. ఆ జాలారిపేట అబ్బాయి రాసింది మనవడు చదివి వినిపిస్తే నా మోకాళ్ళు గుర్తొచ్చాయి. నాకు ఏ రోజూ ఎవరూ "కాసేపు బయట తిరిగి రా" అనలేదు. అనొచ్చని కూడా నాకు తెలియదు.

నిజం చెప్పనా? ఆ సాయంత్రం ఆరింటికి టీ ఎవరు పెడతారన్నదే మా ఇంట్లో గొడవంతా. షుగర్ గొడవ కాదు. నా కొడుకు పెట్టడు, నేను పెట్టను, కాబట్టి కోడలు ఇంట్లో ఉండాలి. ఒక రోజు నేనే లేచి పెట్టాను. అల్లం ఎక్కువైంది, అందరూ తాగారు. ఇప్పుడు రోజూ నేనే పెడుతున్నాను. లక్ష్మీ, మీ అత్తగారికి ఈ మాట చదివి వినిపించు.

పెదవాల్తేరు_పద్మ
పెద్దమ్మా, ఈ చర్చలో అన్నిటికన్నా పనికొచ్చే పోస్టు మీదే.

ఏయూ_స్కాలర్
నేను చెప్పిన పరిశోధనల్లో ఆ టీ లెక్క ఎక్కడా లేదు. ఉండాలి. మన దేశంలో పనితో సంబంధం లేకుండా తీరిక వేళ వ్యాయామం చేసేవాళ్ళు నూటికి పదిమంది కూడా లేరని ఐసిఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ఒకటి 2014లో చెప్పింది. ఆ పదిమందిలో లేనివాళ్ళ ఇళ్ళల్లో సాయంత్రం టీ ఎవరు పెడుతున్నారో ఎవరైనా అడగాలి.

సందేహం_నాదే
తీరిక డబ్బున్నవాళ్ళకే అన్నాను. ఒకే ఇంట్లో కూడా ఒకరికి ఉండి ఒకరికి ఉండదని నాకు తట్టలేదు. మా ఇంట్లో నేను రాత్రి భోజనం అయ్యాక మేడ మీద నడుస్తాను, మా ఆవిడ ఆ టైములో వంటిల్లు కడుగుతుంది. ఇవాళ గిన్నెలు నేను తీసుకున్నాను.

మురళీనగర్_లక్ష్మి
మూడు వారాలైంది, ఏమైందో చెప్పాలి కదా.

పెద్దమ్మ గారి పోస్టు అత్తయ్యకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మర్నాడు ఐదుంపావుకి "పాలు పొంగకుండా చూస్తాను, నువ్వెళ్ళు" అన్నారు. ఆయనకి జాలారిపేట తమ్ముడు రాసింది చూపించాను. ఇంటిపని వ్యాయామం అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఆదివారాలు రైతుబజారుకి తనే వెళ్తున్నారు. వంకాయలు ముదురువి తెస్తున్నారు గానీ నేనేం అనడం లేదు.

అనూష గారు చెప్పినట్టు వారానికి రెండు రోజులు గోడకి చేతులు ఆనించి నెట్టడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం చేస్తున్నాను. కుట్టుమిషన్ దగ్గర నడుం పట్టేయడం తగ్గింది. షుగర్ పరీక్ష మళ్ళీ వచ్చే నెల.

నిన్న పార్కులో బెంచీ దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది, ఎప్పుడూ చూడలేదు. ఫోన్‌లో ఎవరితోనో "వాకింగ్‌కి వచ్చాను, అరగంటలో వచ్చేస్తా" అంటోంది, గొంతులో తప్పు చేసినట్టు. ఇద్దరం కలిసి రెండు రౌండ్లు తిరిగాం. ఇవాళ కూడా వస్తానంది.

జాలారిపేట_బిడ్డ
మా అమ్మ తట్ట మానేసి రెండేళ్ళు. నడవమంటే "జీవితమంతా నడిచాను, ఇంకేటి" అంటుంది. అందుకే నడక మాట ఎత్తడం లేదు. సాయంత్రం ఒడ్డున కూర్చోబెడుతున్నాను. ఫిజియో గారూ, మోకాళ్ళు అరిగినవాళ్ళు కూర్చుని చేసేవి ఏమైనా ఉంటే రాయండి.

ఫిజియో_అనూష
కుర్చీలో కూర్చుని ఒక్కో కాలు నిటారుగా చాపి ఐదు అంకెలు లెక్కపెట్టి దించాలి. కాలుకి పదిసార్లు, రోజుకి రెండు పూటలా. తొడ ముందు కండరం బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. నొప్పి ఎక్కువైతే ఆపేయాలి. ఆవిడకి చెప్పండి, అలిసినప్పుడు ఆపేయొచ్చు అని.

బీచ్‌రోడ్_తాతయ్య
బాబూ, మీ అమ్మగారు కూర్చునే ఒడ్డు ఎక్కడ? మా నర్సమ్మ గారు ఆవిడకి ఆ కాలి వ్యాయామం పక్కన కూర్చుని చూపిస్తానంటున్నారు. లక్ష్మీ, మీ అత్తగారిని తీసుకుని ఆదివారం రామ్మా. ఐదున్నరకి కాళీమాత గుడి ఎదురుగా ఉంటాం, నీలం టోపీ నాది.